సీస్టార్ ఎస్50 రివ్యూ: పీర్జాదిగూడ డాబా మీద నుంచి గెలాక్సీలు

ముందే చెప్పేస్తాను, దొరుకుతాయి. చుట్టూ ఎల్‌ఈడీ స్ట్రీట్ లైట్లు, పక్కింటి పెంట్‌హౌస్ బల్బు, వెనక మెయిన్ రోడ్డు, ఇన్ని ఉన్నా కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గెలాక్సీని దాని చేతులు విడివిడిగా కనపడేలా ఫొటో తీయొచ్చు. అయితే యూట్యూబ్‌లో అమెరికావాళ్ళు, ఇంగ్లండ్‌వాళ్ళు పెట్టిన రివ్యూలు చూసి వాళ్ళు వాడినట్టే వాడితే మాత్రం హైదరాబాద్‌లో సగం రాత్రి వృథా అవుతుంది. ఈ టెలిస్కోప్ ఎంత బాగా పనిచేస్తుందన్నది మనం భూమ్మీద ఏ అక్షాంశంలో ఉన్నామన్నదాన్ని బట్టి చాలా మారిపోతుంది. ఎక్కడో 50 డిగ్రీల దగ్గర ఉన్నవాళ్ళు ఆ సంగతి చెప్పరు, వాళ్ళకి ఆ అవసరం రాదు. మనది 17 డిగ్రీలు. కొనబోయేవాళ్ళకి నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఆ తేడా గురించే.

తెలియనివాళ్ళ కోసం ముందు వస్తువు గురించి. సీస్టార్ ఎస్50 జెడ్‌డబ్ల్యూఓ అనే చైనా కంపెనీ 2023లో తెచ్చిన స్మార్ట్ టెలిస్కోప్. లెన్సు వెడల్పు 50 మిల్లీమీటర్లు, ఫోకల్ లెంగ్త్ 250 మిల్లీమీటర్లు, లోపల సోనీ ఐఎంఎక్స్462 సెన్సార్. మోటార్లు, కెమెరా, ఫిల్టర్లు, బ్యాటరీ, 64 జీబీ మెమరీ, లెన్సు మీద చెమ్మ పట్టకుండా చిన్న హీటర్, అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి. బరువు రెండున్నర కేజీలు, ఒక చేత్తో పట్టుకుని డాబా మెట్లెక్కేయొచ్చు. కన్ను పెట్టి చూడటానికి ఏమీ ఉండదు, చూసేదంతా ఫోన్‌లోనే. వచ్చిన కొత్తలో విదేశాల్లో ధర 499 డాలర్లు. ఇక్కడ కస్టమ్స్, జీఎస్టీ అన్నీ కలిస్తే అర లక్ష దాటుతుంది. చిన్న మొత్తమేం కాదు. కానీ ఇదే పని పాత పద్ధతిలో చేయాలంటే మంచి మౌంట్ ఒకటి, టెలిస్కోప్ ఒకటి, కెమెరా, గైడింగ్‌కి, అంటే చుక్క కదలికను వెంబడించడానికి, ఇంకో చిన్న కెమెరా, వీటన్నిటినీ నడిపే ల్యాప్‌టాప్, వైర్ల చిక్కు, అంతా కలిసి లక్షల్లోకి పోతుంది, పైగా బిగించుకునేసరికి గంట పడుతుంది. మబ్బు ఎప్పుడొస్తుందో తెలియని మన ఊళ్ళో ఆ గంట చాలా విలువైంది.

వాడటం నిజంగా తేలిక. ట్రైపాడ్ మీద పెట్టి, యాప్‌లో లెవెల్ సరిచూసుకుని, లిస్టులో గెలాక్సీ పేరు నొక్కితే చాలు. అదే ఆకాశాన్ని ఒక ఫొటో తీసుకుని, అందులోని చుక్కల అమరికను తన దగ్గరున్న పటంతో సరిపోల్చుకుని, తను ఎటు చూస్తోందో లెక్కగట్టి, గెలాక్సీ వైపు తిరుగుతుంది. రెండు మూడు నిమిషాల పని. మామూలు టెలిస్కోప్‌తో సిటీ ఆకాశంలో గెలాక్సీని వెతకడమంటే దారి చూపే చుక్కలే కనపడవు కాబట్టి అక్కడే చాలామంది వదిలేస్తారు. ఆ అడ్డంకి ఇక్కడ పూర్తిగా పోయింది. నా లెక్కన ఈ వస్తువులో అన్నిటికన్నా గొప్ప విషయం ఇదే, లెన్సు కాదు, సెన్సార్ కాదు.

మా ఆకాశం ఎలాంటిదో కూడా చెప్పాలి. ఆకాశం చీకటిని కొలవడానికి బోర్టిల్ స్కేలు అని ఒకటుంది, 1 అంటే కటిక చీకటి, 9 అంటే నడి సిటీ. మా ఏరియా 8లోకి వస్తుంది. పడమర వైపు ఉప్పల్, దాని వెనక సిటీ మొత్తం ఉంటుంది. అటువైపు ఆకాశం రాత్రంతా బూడిద రంగే, ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజైతే ఇంకా తెల్లబడుతుంది. ఘట్‌కేసర్ వైపు, అంటే తూర్పున, కాస్త నయం. పాలపుంత కనపడటం అనే మాటే లేదు. సప్తర్షి మండలం ఏడు చుక్కల్లో మధ్యలో ఉండే అత్రి మిగతా వాటికన్నా మసక, అది కంటికి ఆనిందంటే ఆ రాత్రి గాలి శుభ్రంగా ఉన్నట్టు. నేను డాబా ఎక్కగానే చూసేది అదే, అత్రి కనపడకపోతే గెలాక్సీల జోలికి పోను, చంద్రుణ్ణో ఏదైనా నక్షత్ర గుచ్ఛాన్నో తీసుకుని దిగిపోతాను. ఒకప్పుడు ఇదే హైదరాబాద్‌లో, బేగంపేటలో, నిజామియా అబ్జర్వేటరీవాళ్ళు అంతర్జాతీయ నక్షత్ర పటం కోసం గాజు పలకల మీద ఆకాశాన్ని ఫొటోలు తీశారు. ఇప్పుడు బేగంపేటలో నిలబడి పైకి చూస్తే ఆ మాట నమ్మబుద్ధి కాదు. నాకు మాత్రం ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఇది మన ఊరికి కొత్త పనేం కాదనిపిస్తుంది.

వెలుగు వల్ల నష్టం ఎంత? మంచి పల్లెటూరి ఆకాశంతో పోలిస్తే మన ఆకాశం సుమారు మూడు మ్యాగ్నిట్యూడ్లు (ఆకాశంలో వెలుగును కొలిచే లెక్క, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) ఎక్కువ వెలుగుతో ఉంటుందనుకుంటే, అది దాదాపు 16 రెట్లు. ఆ వెలుగు ఫొటోలో గరగరగా పడుతుంది, గెలాక్సీ అంచుల్లోని పలచటి వెలుతురు అందులో మునిగిపోతుంది. అక్కడ గంటలో వచ్చే ఫొటో ఇక్కడ రావాలంటే లెక్క ప్రకారం 16 గంటలు కావాలి. ఈ మాట చదివి భయపడక్కర్లేదు. సీస్టార్ 10 సెకన్ల చొప్పున వందల ఫొటోలు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతుంది, దీన్నే స్టాకింగ్ అంటారు. సమయం నాలుగు రెట్లు చేస్తే గరగర సగానికి తగ్గుతుంది. ఒక రాత్రి తీసినవి, వారం తర్వాత తీసినవి, అన్నీ కలిపేయొచ్చు. అంటే సిటీలో ఉన్నవాళ్ళు చీకటిని కొనుక్కోలేరు గానీ సమయం పెట్టగలరు. ఒక్క రాత్రి రిజల్ట్ చూసి ఈ వస్తువు పనికిరాదని రాసేవాళ్ళతో నేను ఏకీభవించనిది ఇక్కడే.

ఎం51 వర్ల్‌పూల్ గెలాక్సీనే తీసుకోండి. సప్తర్షుల తోక చివర ఉండే మరీచికి మూడున్నర డిగ్రీల దూరంలో ఉంటుంది. మొదటి 10 సెకన్ల ఫ్రేమ్ ఫోన్‌లో పడ్డప్పుడు కనపడేది మట్టి రంగు మీద ఇసుక చల్లినట్టుండే గరగర, అందులో పక్కపక్కనే రెండు మసక చుక్కలు, అంతే. ఎవరికైనా చూపిస్తే ఏముంది ఇందులో అంటారు. పది నిమిషాలకి ఆ రెండు చుక్కల చుట్టూ పొగ లాంటిది పోగవుతుంది. గంట దాటేసరికి పెద్ద చుక్క నుంచి రెండు చేతులు మెలి తిరుగుతూ బయటికొస్తాయి, ఒక చేయి సరిగ్గా చిన్న గెలాక్సీ దాకా సాగి ఉంటుంది. నాలుగైదు గంటల డేటా కలిపి కంప్యూటర్‌లో సరిచేస్తే ఆ చేతుల వెంట ముడులు ముడులుగా కొత్త నక్షత్రాలు పుట్టే ప్రాంతాలు, లోపలి వైపు సన్నటి ధూళి చార కనపడతాయి. 1845లో లార్డ్ రాస్ ఐర్లండ్‌లో 72 అంగుళాల అద్దం ఉన్న టెలిస్కోప్ కట్టుకుని ఈ మెలికను మొదటిసారి చూసి బొమ్మ గీశాడు. ఆ ఆకారాన్నే రెండంగుళాల లెన్సుతో, వెలుగులో మునిగిన కాలనీలో, మనింటి డాబా మీద నుంచి పట్టుకోగలుగుతున్నాం. దీనికి నేను ఇంకా అలవాటు పడలేదు, ప్రతిసారీ ఆశ్చర్యమే.

పక్కింటి అక్క మొదట్లో, "ఏంటి తమ్ముడూ, సీసీ కెమెరా బిగిస్తున్నావా?" అని అడిగింది. రండక్కా అని పిలిచి ఫోన్‌లో అప్పుడే పేరుకుంటున్న ఎం104 చూపించాను. సోంబ్రెరో గెలాక్సీ అంటారు దాన్ని, అడ్డంగా నల్లటి ధూళి పట్టీతో ఉంటుంది, చిత్తకూ హస్తకూ మధ్యలో. "ఇది నిజంగా ఇప్పుడు మన నెత్తి మీద ఉందా?" అని పైకీ ఫోన్‌లోకీ మార్చి మార్చి చూసింది. అప్పటి నుంచి నేను డాబా ఎక్కితే వాళ్ళ పెంట్‌హౌస్ లైటు తనే ఆర్పేస్తుంది, "అయిపోయాక చెప్పు, మళ్ళీ వేసుకుంటా" అంటుంది. ఏ ఫిల్టర్ కొన్నా రానంత లాభం ఆ ఒక్క బల్బు ఆరితే వచ్చింది. లెన్సు మీద నేరుగా పడే వెలుగు వేరు, ఆకాశం మొత్తం మీద పరుచుకున్న వెలుగు వేరు. రెండోదాన్ని మనం ఏమీ చేయలేం, మొదటిది మాత్రం మాట్లాడుకుంటే తగ్గుతుంది. నీళ్ళ ట్యాంకు నీడలో పెట్టుకున్నా చాలావరకు ఆగుతుంది.

ఫిల్టర్ మాట వచ్చింది కాబట్టి, ఇది గట్టిగా చెప్పాలి. సీస్టార్ లోపల లైట్ పొల్యూషన్ ఫిల్టర్ ఉంది, యాప్‌లో ఒక బటన్ నొక్కితే లెన్సు దారిలోకి వస్తుంది. పేరు చూసి సిటీలో ఉన్నాం కదా ఇది ఆన్ చేయాల్సిందే అనుకుంటారు. గెలాక్సీలకి ఆన్ చేయొద్దు. ఆ ఫిల్టర్ రెండే రెండు రంగుల పట్టీలను వదులుతుంది, ఒకటి హైడ్రోజన్ ఎరుపు, రెండోది ఆక్సిజన్ నీలి ఆకుపచ్చ. ఒరాయన్ లాంటి వాయు మేఘాలు సరిగ్గా ఆ రంగుల్లోనే వెలుగుతాయి కాబట్టి వాటికి అద్భుతంగా పనిచేస్తుంది, సిటీలో కూడా. గెలాక్సీ అంటే కోట్ల కోట్ల నక్షత్రాల వెలుగు, అన్ని రంగులూ ఉంటాయి, ఆ ఫిల్టర్ పెడితే దాని వెలుగే ఎక్కువగా ఆగిపోతుంది. పాత సోడియం దీపాల కాలంలో పసుపు రంగు ఒక్కటీ కత్తిరించే ఫిల్టర్లు కొంత సాయపడేవి. ఇప్పుడున్న తెల్ల ఎల్‌ఈడీలు కూడా అన్ని రంగుల్లోనూ వెలుగుతాయి, కత్తిరించడానికి వీలుండదు. ఎం33 గెలాక్సీలో ఎన్‌జీసీ 604 లాంటి పెద్ద వాయు మేఘాలు ఉన్న చోట మాత్రం ఫిల్టర్‌తో విడిగా కొంతసేపు తీసి తర్వాత కలుపుకుంటే ఎర్రటి ముద్దలు బాగా వస్తాయి. మిగతా వాటికి ఫిల్టర్ లేకుండానే తీయండి.

ఇక అసలు సంగతికి, 17 డిగ్రీల కథకి వస్తాను. సీస్టార్ మామూలుగా పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ తిరుగుతుంది. ఆకాశం మాత్రం అలా కదలదు, ధ్రువ నక్షత్రం చుట్టూ తిరుగుతుంది. అందుకని గెలాక్సీ ఫ్రేమ్ మధ్యలోనే ఉన్నా బొమ్మ మొత్తం మెల్లగా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఒక ఫొటోకీ ఇంకో ఫొటోకీ మధ్య తిరిగినదాన్ని సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది. ఒకే ఫొటో తీస్తున్న 10 సెకన్లలో తిరిగినదాన్ని మాత్రం ఎవరూ సరిచేయలేరు, అంచుల్లోని చుక్కలు చిన్న గీతలుగా సాగుతాయి. ఈ తిరుగుడు వేగం అక్షాంశాన్ని బట్టి, ఎత్తును బట్టి, దిక్కును బట్టి మారుతుంది. అదే ఎత్తులో, అదే దిక్కులో ఉన్న గెలాక్సీకి లండన్ కంటే హైదరాబాద్‌లో ఒకటిన్నర రెట్లు ఎక్కువ. నడినెత్తికి దగ్గరయ్యేకొద్దీ విపరీతంగా పెరుగుతుంది. దక్షిణాన 85 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు 10 సెకన్లలోనే మూలల్లోని చుక్క దాదాపు 9 పిక్సెళ్ళు జరుగుతుంది, ఆ ఫ్రేములు చాలావరకు చెత్తబుట్టకే.

గెలాక్సీలు కిక్కిరిసి ఉండే సింహ, కన్య రాశుల ప్రాంతం, మనకు సరిగ్గా నడినెత్తి మీదుగానే వెళ్తుంది. పుబ్బ నక్షత్రం కింద ఉండే మూడు గెలాక్సీల లియో ట్రిప్లెట్, ఉత్తర నక్షత్రానికి తూర్పున పరుచుకున్న కన్య గెలాక్సీల గుంపు, ఆ గుంపు నడుమ 2019లో కృష్ణబిలం ఫొటోతో అందరికీ తెలిసిన ఎం87, అన్నీ 85 డిగ్రీల దాకా ఎక్కుతాయి. సిటీలో నడినెత్తి దగ్గరే ఆకాశం కాస్త చీకటిగా ఉంటుంది కాబట్టి గెలాక్సీ పైకి వచ్చాక తీయండి అని ప్రతి రివ్యూలోనూ చెప్తారు. లండన్‌లో ఎం87 51 డిగ్రీలు దాటదు, వాళ్ళకి ఆ సలహా సరైనదే. మనకి అది పనికిరాదు.

మనకి దాని బదులు ఒక వరం ఉంది. మన అక్షాంశంలో ఈ గెలాక్సీలు తూర్పున దాదాపు నిట్టనిలువుగా పైకి లేస్తాయి. సరిగ్గా తూర్పు దిక్కునా, సరిగ్గా పడమర దిక్కునా బొమ్మ తిరుగుడు దాదాపు సున్నా. లెక్కగడితే ఎం87 60 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు తిరుగుడు గంటకి సుమారు 3 డిగ్రీలే, 70కి వచ్చినా దాదాపు 9 డిగ్రీలే. అంటే తూర్పున 40 నుంచి 70 డిగ్రీల మధ్య రెండు గంటలు, మళ్ళీ పడమటి వైపు 70 నుంచి 40కి దిగేటప్పుడు రెండు గంటలు, ఈ నాలుగు గంటలూ మనకి బంగారం. ఏ యూరప్ రివ్యూలోనూ ఈ మాట ఉండదు, వాళ్ళ దగ్గర ఆ గెలాక్సీలు ఏటవాలుగా లేచి దక్షిణానికి జరిగిపోతాయి.

ఏప్రిల్ మొదటి వారం రాత్రిని నేను ఎలా వాడతానో చెప్తాను. ఎనిమిదిన్నరకి ఎం87 చుట్టుపక్కల ప్రాంతం తూర్పున 40 డిగ్రీలు ఎక్కుతుంది, అప్పుడు మొదలుపెట్టి పదిన్నర దాకా తీస్తాను. పదిన్నరకి అది 70 దాటి నడినెత్తి వైపు పోతుంది కాబట్టి వదిలేసి ఉత్తరానికి తిప్పుతాను. అప్పటికి ఎం51 దాదాపు 50 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, ఒంటిగంట దగ్గర 60కి చేరుతుంది, అంతకు మించి ఎక్కదు. అక్కడ తిరుగుడు ఉంటుంది గానీ 10 సెకన్ల ఫ్రేములకి మూలల్లో పిక్సెలున్నరే, పట్టించుకోవాల్సింది కాదు. ఒంటిగంట తర్వాత ఓపికుంటే మళ్ళీ ఎం87 వైపు, ఈసారి పడమటికి. ఆ టైముకి షాపుల బోర్డులు ఆరిపోయి, రోడ్డు మీద బండ్లు తగ్గి, పడమర ఆకాశం కూడా కాస్త మెరుగవుతుంది. మాది సిటీకి తూర్పున కాబట్టి మొదటి రెండు గంటలే ఎక్కువ విలువైనవి. మియాపూర్, బీరంగూడ వైపు ఉన్నవాళ్ళకి సిటీ వెలుగంతా తూర్పున ఉంటుంది, వాళ్ళు దీన్ని తిరగేసుకుని గెలాక్సీ పడమటికి దిగేటప్పుడు తీసుకోవాలి. మే మూడో వారానికైతే ఆ సమయం రాత్రి పదిన్నరకల్లా మొదలవుతుంది, నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

ఈక్యూ మోడ్ గురించి చాలామంది అడుగుతారు. 2025లో అప్‌డేట్‌గా ఇచ్చారు. టెలిస్కోప్‌ని వంచి దాని ఇరుసును ధ్రువం వైపు పెడితే బొమ్మ తిరగడం అనే సమస్యే ఉండదు, ఎక్స్‌పోజర్ కూడా పెంచుకోవచ్చు. లండన్‌లో దీన్ని నిలువు నుంచి 38 డిగ్రీలు వంచితే సరిపోతుంది. మన దగ్గర 73 డిగ్రీలు వంచాలి, అంటే దాదాపు పక్కకి పడుకోబెట్టినట్టే. బరువంతా ఉత్తరం వైపు వేలాడుతుంది, దానితో వచ్చే చిన్న ట్రైపాడ్ మీద ఇది చేయొద్దు. గట్టి ట్రైపాడ్, మంచి టిల్ట్ హెడ్ తీసుకుని, ఒక కాలు సరిగ్గా ఉత్తరానికి పెట్టి, కింద ఇసుక సంచీ లాంటి బరువేదైనా తగిలిస్తేనే నిలుస్తుంది. ధ్రువ నక్షత్రం మనకి 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, పక్క అపార్ట్‌మెంట్ వెనక దాక్కుంటుంది. అయినా ఇబ్బంది లేదు, యాప్ వేరే చుక్కల్ని చూసి లెక్కగట్టుకుంటుంది, మనం అది చెప్పినంత జరిపితే చాలు. అయితే సిటీలో ఇంత శ్రమ అవసరమా అంటే, నా ఉద్దేశం అవసరం లేదనే. మన ఆకాశం ఎంత వెలుగుగా ఉంటుందంటే 10 సెకన్లలోనే ఆ వెలుగు సెన్సార్ సొంత గరగరని మించిపోతుంది, ఒక్కో ఫ్రేమ్ 30 సెకన్లు చేసినా అదనంగా ఒరిగేది తక్కువ. చీకటి ఊళ్ళకి తీసుకెళ్ళేవాళ్ళకి, నడినెత్తి మీద గెలాక్సీనే కావాలనుకునేవాళ్ళకి అది వేరే సంగతి.

దక్షిణం వైపు ఆకాశం మనకున్న ఇంకో అదృష్టం. ఎన్‌జీసీ 5128, సెంటారస్ ఎ అంటారు, మధ్యలో నల్లటి ధూళి పట్టీ అడ్డంగా ఉన్న గుండ్రటి పెద్ద గెలాక్సీ. లండన్‌లో అది అసలు ఉదయించదు. మనకి దక్షిణాన 30 డిగ్రీలు ఎక్కుతుంది. అంత కింద సిటీ మసక ఎక్కువే అయినా గెలాక్సీ వెలుగు గట్టిది కాబట్టి ఆ నల్ల పట్టీ గంటలోపే తేలుతుంది. ఎం83 ఇంకా మెరుగు, 43 డిగ్రీల దాకా వస్తుంది. నవంబర్, డిసెంబర్‌లలో ఎన్‌జీసీ 253 వస్తుంది, 1783లో కరోలిన్ హెర్షెల్ కనిపెట్టిన గెలాక్సీ, పొడుగ్గా వెండి నాణెం అంచులా ఉంటుంది. మన పిల్లలకి చూపించడానికి నేను మొదట ఎంచుకునేది ఇవే, విదేశీ ఫొటోల్లో అంతగా కనపడనివి మన డాబా మీద దొరుకుతాయని వాళ్ళకి తెలియాలి.

లోటుపాట్లు కూడా ఉన్నాయి. సెన్సార్ 1920 బై 1080, అంటే 2 మెగాపిక్సెళ్ళు. ఎం51 మొత్తం సుమారు 280 పిక్సెళ్ళలోనే సరిపోతుంది, సోంబ్రెరో ఇంకా చిన్నది. ఫోన్‌లో ముచ్చటగా ఉంటుంది, గోడకి ఫ్రేమ్ కట్టించుకోవాలంటే సరిపోదు. ఇంకోవైపు ఆండ్రోమెడా 3 డిగ్రీల పొడవు, ఫ్రేమ్ పొడుగు వైపు 1.3 డిగ్రీలే, మధ్య భాగమే పడుతుంది. మొజాయిక్ మోడ్‌లో ముక్కలు ముక్కలుగా తీసి కుట్టుకోవచ్చు గానీ అప్పుడు ఒక్కో ముక్కకి దక్కే సమయం తగ్గిపోతుంది, సిటీలో మనకి ఉన్న పెట్టుబడి సమయమే కదా. ఎం101 దగ్గర మాత్రం నిరాశ పడతారు. లిస్టులో చూస్తే మ్యాగ్నిట్యూడ్ 7.9, ఎం51 కన్నా వెలుగు ఎక్కువన్నట్టే ఉంటుంది, కానీ ఆ వెలుగంతా దాదాపు చంద్రుడంత వెడల్పున పలచగా పరుచుకుని ఉంటుంది. ఎన్ని గంటలు తీసినా మా డాబా మీద నుంచి మధ్య భాగం, చేతుల జాడ తప్ప ఎక్కువ రాదు. దానికి చీకటి ఊరికి వెళ్ళాల్సిందే. ఎం81, ఎం82 రెండూ ఒకే ఫ్రేమ్‌లో పడతాయి, మనకి ఉత్తరాన 38 డిగ్రీల దాకానే వస్తాయి గానీ ఎం82 చిన్నగా, గట్టిగా వెలుగుతుంది కాబట్టి సిటీలో కూడా దిగులు లేదు. గెలాక్సీని ఎంచుకునేటప్పుడు మొత్తం వెలుగు కాదు, ఆ వెలుగు ఎంత చోట పరుచుకుందో చూడండి.

ఫొటో తీశాక చేసే పని గురించి కూడా కొంచెం. సెట్టింగ్స్‌లో ప్రతి ఫ్రేమ్‌నీ విడిగా సేవ్ చేసే ఆప్షన్ ఉంటుంది, మొదటి రోజే ఆన్ చేసి పెట్టుకోండి, లేకపోతే రాత్రులు కలుపుకోవడం కుదరదు. ఒక్కో ఫ్రేమ్ 4 ఎంబీ, నాలుగు గంటలకి 6 జీబీ దాకా వస్తుంది. సిరిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సీస్టార్ ఫైళ్ళ కోసమే రెడీమేడ్ స్క్రిప్ట్ దొరుకుతుంది, అదే పేర్చేస్తుంది. మన ఫొటోల్లో ఒక వైపు వెలుగు, ఒక వైపు చీకటిగా ఉంటుంది, సిటీ ఉన్న దిక్కు నుంచి వచ్చే వెలుగు అది, పైగా బొమ్మ తిరిగేకొద్దీ అదీ తిరుగుతుంది. దాన్ని గ్రాక్స్‌పర్ట్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ చాలా శుభ్రంగా తీసేస్తుంది. సిటీవాళ్ళకి ఈ ఒక్క మెట్టుతో వచ్చే తేడా మిగతా అన్ని మెట్లూ కలిపినా రాదు. యాప్‌లోనే గరగర తీసేసే ఏఐ డీనాయిజ్ ఉంది, నేను వాడను. గెలాక్సీ చేతుల్లో నిజంగా ఉన్న ముడుల్ని కూడా నున్నగా రుద్దేస్తుంది. కొంచెం గరగర ఉన్నా పర్లేదు, ఆకాశంలో ఉన్నదే ఫొటోలో ఉండాలి అన్నది నా పట్టుదల.

బ్యాటరీ ఆరు గంటలు వస్తుందని కంపెనీ మాట, హీటర్ ఆన్‌లో ఉంటే తగ్గుతుంది, పవర్ బ్యాంక్ తగిలించి పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. ఇంటి వైఫైకి కలిపేస్తే కింద హాల్లో కూర్చుని చూసుకోవచ్చు, దోమలు కుట్టించుకుంటూ పైనే ఉండక్కర్లేదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మబ్బులే, ఆ నాలుగు నెలలూ డబ్బాలో సిలికా జెల్ వేసి భద్రం చేసుకోండి. ఫిబ్రవరి నుంచి మే దాకా గెలాక్సీల కాలం. అందులోనూ ఒక గట్టి వాన పడి వెలిసిన మర్నాటి రాత్రిని వదులుకోవద్దు, దుమ్ము అణిగి ఉంటుంది కాబట్టి వీధి దీపాల వెలుగు గాల్లో అంతగా చెదరదు, అత్రి కంటికి తేలిగ్గా ఆనుతుంది. పౌర్ణమికి అటూ ఇటూ వారం గెలాక్సీలు మానేయండి.

డాబా లేని ఫ్లాట్లలో ఉండి, తూర్పో పడమరో ఒక్క బాల్కనీయే ఉంటే? కొనొచ్చు, పైన చెప్పిన లెక్క ప్రకారం మనకి కావాల్సిన దిక్కులు అవే, పై బాల్కనీ స్లాబు అడ్డం రాకపోతే చాలు. ఉత్తరం బాల్కనీ అయితే ఎం51, ఎం81, ఎం82 దొరుకుతాయి. దీని తమ్ముడు ఎస్30 చవక, ఫ్రేమ్ వెడల్పు ఎక్కువ, ఆండ్రోమెడాకి అది మేలు, కానీ లెన్సు 30 మిల్లీమీటర్లే, ఫోకల్ లెంగ్త్ 150, ఎం51 లాంటివి ఇంకా చిన్నగా పడతాయి. దూరపు గెలాక్సీలే ముఖ్యమనుకుంటే ఎస్50 వైపే వెళ్ళండి. కంటితో చూడటమే ఇష్టమైనవాళ్ళకి ఇది తగిన వస్తువు కాదు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేటట్టయితే అసలు బిల్లు, పెట్టెతో పాటు వచ్చే సోలార్ ఫిల్టర్ రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి, ఆ ఫిల్టర్ లేకుండా పగలు సూర్యుడి వైపు ఎట్టి పరిస్థితుల్లోనూ తిప్పొద్దు. కొనేముందు ఎవరి డాబా మీదనైనా ఒక గంట కూర్చుని చూడాలనుంటే, పీర్జాదిగూడ, బోడుప్పల్ చుట్టుపక్కలవాళ్ళు మార్చిలో ఏ అమావాస్య వారంలోనైనా అడగండి, సంతోషంగా చూపిస్తాను.